తక్కువ కొలిస్తే ఎవరికి లాభం? కాలుష్యం అంకెల వెనుక లెక్కలు

క్లుప్తంగా: గాలి, నీరు, నేల గురించి వినిపించే అంకెలు నేరుగా మిషన్‌లోంచి ఊడిపడేవి కావు. ఎంతసేపటి సగటు తీశారు, ల్యాబ్‌కు దొరకని విలువను ఏమని రాసుకున్నారు, మిషన్ లేని చోటికి అంచనా ఎలా కట్టారు, రుజువు చేసే భారం ఎవరి నెత్తిన పెట్టారు అన్నదాన్ని బట్టి అవే శాంపిళ్లు ఒకచోట "పర్వాలేదు" అంటాయి, ఇంకోచోట "ప్రమాదం" అంటాయి. ఏ పద్ధతినైనా బేరీజు వేయడానికి ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: ఇందులో తక్కువ కొలిచినవాడికి లాభమా, నష్టమా?

ఒకే గాలి, రెండు రంగులు

ఒకే ఊరి గాలికి ఒక యాప్ పసుపు రంగు చూపిస్తే ఇంకోటి ఎరుపు చూపిస్తుంది. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనే అనుమానం వెంటనే వస్తుంది కానీ, చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఒక రోజు సంగతి చూద్దాం. 20 గంటలపాటు పీఎం 2.5 అనే అతిసన్నని ధూళి ఘనపు మీటరు గాలిలో 10 మైక్రోగ్రాములే ఉంది, మిగతా 4 గంటలు మాత్రం 100కి ఎగబాకింది. రోజంతటి సగటు 25. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన 24 గంటల మార్గదర్శక విలువ సరిగ్గా 25 కాబట్టి ఆ లెక్కన ఈ రోజు గట్టెక్కినట్టే. 2021లో అదే సంస్థ దాన్ని 15కి దించింది, ఆ లెక్కన ఫెయిల్. అమెరికాలో 24 గంటల పరిమితి 35, అక్కడ మళ్లీ పాస్. నిజానికి ఈ పరిమితుల్లో ఏడాదికి కొన్ని రోజులు గీత దాటినా ఊరుకునే వెసులుబాటు కూడా ఉంటుంది, అందుకని ఒక్క రోజును పట్టుకుని తీర్పు చెప్పలేం. ఇదంతా ఒక ఎత్తు, సరిగ్గా ఆ 4 గంటలే రోడ్డు మీద గడిపినవాళ్లది ఒక ఎత్తు. వాళ్లు పీల్చింది 25 కాదు, 100.

గాలి నాణ్యత సూచికతో చిక్కు ఇంకాస్త పెరుగుతుంది. ధూళికి, ఓజోన్‌కు, నైట్రోజన్ డయాక్సైడ్‌కు విడివిడిగా మార్కులు వేసి, వాటిలో ఘోరంగా ఉన్నదాన్నే మొత్తానికి మార్కుగా ప్రకటించడం చాలా దేశాల్లో పద్ధతి. ఏ మోతాదు దగ్గర రంగు మారాలో దేశానికో రకం. ఒక కాలుష్యకం మాత్రమే ఎక్కువున్న రోజుకూ, అన్నీ కలిసి ఎక్కువున్న రోజుకూ ఒకే అంకె రావచ్చు. సూచిక జనానికి హెచ్చరిక ఇవ్వడానికి బాగానే పనికొస్తుంది, రెండు దేశాలను పోల్చడానికి మాత్రం అంతగా పనికిరాదు.

"దొరకలేదు" అంటే సున్నా కాదు

ల్యాబ్ రిపోర్టుల్లో అందరూ తేలిగ్గా దాటేసే మాట ఇదే. ఏ పరికరానికైనా ఒక డిటెక్షన్ లిమిట్ ఉంటుంది, అంతకంటే తక్కువున్నదాన్ని అది గట్టిగా పట్టుకోలేదు. అలాంటప్పుడు రిపోర్టులో "2 కంటే తక్కువ" అనో, "దొరకలేదు" అనో వస్తుంది. అది సున్నా కావచ్చు, 1.9 కూడా కావచ్చు.

పది శాంపిళ్లు పంపారనుకుందాం. ఆరింటికి "2 కంటే తక్కువ" అని వచ్చింది, మిగతా నాలుగు 3, 4, 6, 12. సగటు మీద పరిమితి 3 అనుకుందాం. దొరకని ఆరింటినీ సున్నా అనుకుంటే సగటు 2.5, పాస్. లిమిట్‌లో సగం, అంటే ఒక్కోటి 1 అనుకుంటే 3.1, ఫెయిల్. మొత్తం 2 అనుకుంటే 3.7. నీళ్లు అవే, ల్యాబ్ అదే, ఎక్సెల్ షీట్ దగ్గర కూర్చున్న మనిషి ఖాళీ గడుల్లో ఏం టైప్ చేశాడన్నదే తేడా.

సగం పెట్టేయడం దశాబ్దాలుగా చాలాచోట్ల నడుస్తున్న అలవాటు. సులువు కాబట్టి నడుస్తోంది తప్ప దాని వెనుక బలమైన సిద్ధాంతమేమీ లేదు. గణాంక నిపుణులు ఇలాంటి డేటాను సెన్సార్డ్ డేటా అంటారు, దానికి మందు వైద్య పరిశోధన నుంచి అరువు తెచ్చుకున్నారు. ఒక చికిత్స తర్వాత రోగులు ఎన్నేళ్లు బతికారో లెక్కకట్టేటప్పుడు అధ్యయనం ముగిసేనాటికి బతికే ఉన్నవాళ్ల విషయంలో "ఇన్నేళ్లకు పైనే" అని మాత్రమే తెలుస్తుంది. ఆ లెక్క కోసం పుట్టిన కాప్లాన్-మేయర్ పద్ధతిని తలకిందులు చేసి "ఇంతకు లోపే" అన్న సమాచారానికి వాడతారు. దొరికిన విలువల ఆకారాన్ని బట్టి దొరకనివి ఎలా పరుచుకుని ఉండొచ్చో అంచనా కట్టే పద్ధతులూ ఉన్నాయి. వీటన్నిటిలోనూ "తెలియదు" అన్నది "తెలియదు"గానే ఉంటుంది, ఉత్తుత్తి అంకెగా మారిపోదు.

పైన చెప్పిన ప్రశ్న ఇక్కడ వేసి చూడండి. దొరకనిదాన్ని సున్నా అనే నియమం ఉన్నచోట మొండి పరికరం కొనుక్కున్నవాడికే లాభం. డిటెక్షన్ లిమిట్ ఎంత ఎక్కువుంటే అన్ని సున్నాలు.

71 శాంపిళ్లలో రెండు

సగటు బదులు పర్సంటైల్ వాడితే గొడవ ఉండదా అంటే, అక్కడి గొడవ వేరే రకం. అమెరికాలో తాగునీటి సీసానికి 1991లో వచ్చిన నియమం 90వ పర్సంటైల్‌ను చూస్తుంది. ఇళ్ల కుళాయిల నుంచి శాంపిళ్లు తీసి, తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి, 90 శాతం దగ్గర నిలబడ్డ విలువ 15 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 15 భాగాలు) దాటితే చర్యలు తీసుకోవాలి.

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం 2014లో నీటి వనరును మార్చి నది నీటిని వాడడం మొదలుపెట్టింది. నీళ్లు పైపులను తినేసి వాటిలోని సీసం నీళ్లలోకి దిగకుండా చూసే రసాయనం కలపలేదు. 2015 మొదటి ఆరు నెలల్లో 71 శాంపిళ్లు తీశారు. వాటిలో రెండింటిని నిబంధనలకు సరిపోవంటూ పక్కనబెట్టారు. ఒకటి కుళాయికి ఫిల్టర్ ఉన్న ఇంటిది, రెండోది అసలు నివాసమే కాదన్నది. మొదటిదాని విలువ 104 పీపీబీ. ఆ రెండూ లెక్కలో ఉంటే 90వ పర్సంటైల్ 15 దాటుతుంది, తీసేస్తే దాటదు.

లోపల జరిగింది సాదా లెక్కే. 71లో 90 శాతం అంటే దాదాపు 64వ స్థానం. పైనుంచి రెండు తీసేస్తే 69 మిగులుతాయి, గీత దాదాపు 62వ స్థానానికి జారుతుంది. పర్సంటైల్‌కు వరసలో స్థానమే ముఖ్యం, విలువ పట్టదు. 104 బదులు 1,040 ఉన్నా దానికి చలనం ఉండదు. అదే సుగుణం కూడా, ఎందుకంటే ఒక్క పాడు రీడింగ్ వల్ల ఊరంతా బెదిరిపోనక్కర్లేదు. కానీ శాంపిళ్లు కొద్దిగానే ఉన్నప్పుడు ఒకటి రెండు తీసేస్తే చాలు, గీత మెట్టు దిగుతుంది. ఫిల్టర్ సీసాన్ని తగ్గిస్తుంది తప్ప పెంచదు కదా, ఫిల్టర్ ఉన్న ఇంట్లో 104 వచ్చిందంటే మరింత కంగారు పడాలి కదా అన్న ప్రశ్నకు నిబంధనల పుస్తకంలో జవాబు లేదు.

నమ్మలేని రీడింగ్‌ను ఏం చేయాలి

ఇందుకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఓజోన్ రంధ్రం, కాకపోతే తరచూ కాస్త తప్పుగా చెబుతారు. 1985లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకి చెందిన ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ ముగ్గురూ నేల మీది పరికరంతో అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో ఏళ్ల తరబడి తీసిన రీడింగ్‌లను ప్రచురించారు. అక్టోబర్ నెలల్లో ఓజోన్ ఒకప్పటి దాదాపు 300 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ పొరను కొలిచే కొలమానం) నుంచి దాదాపు 200కి పడిపోయింది. పైన ఉపగ్రహం కూడా తిరుగుతోంది, అది కూడా ఆ తగ్గుదలను చూసింది. అయితే 180 కంటే తక్కువ వచ్చిన విలువలకు "అనుమానాస్పదం" అని గుర్తు పెట్టేలా సాఫ్ట్‌వేర్ రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ డేటాను చెరిపేసిందన్న కథ సరికాదు, గుర్తు పెట్టి పక్కన ఉంచింది. వాటి అర్థం జనానికి చేరేలోపు నేల మీది లెక్క ముందొచ్చేసింది.

"అంతకుముందు ఎప్పుడూ ఇలా లేదు" అన్నది రీడింగ్‌ను అనుమానించడానికి కారణమే. పారేయడానికి మాత్రం అది చాలదు. పరికరం పాడైందనడానికి విడిగా సాక్ష్యం ఉండాలి: విద్యుత్ హెచ్చుతగ్గులో, కాలిబ్రేషన్ తప్పడమో, ఫిల్టర్ చిరగడమో. పర్యావరణ డేటా సహజంగానే ఒక పక్కకు లాగి ఉంటుంది, ఎక్కువ రోజులు తక్కువగా, కొద్ది రోజులు విపరీతంగా. గంట ఆకారపు నార్మల్ వక్రం కోసం తయారైన అవుట్‌లయర్ పరీక్షలను, అంటే మిగతావాటికి దూరంగా పడ్డ విలువలను ఏరే పరీక్షలను, దీనిమీద ప్రయోగిస్తే అసలు ప్రమాదకరమైన రోజులే చెత్తబుట్టలోకి పోతాయి. లాగరిథమ్ తీసుకుని చూస్తే ఆ "విపరీతాలు" చాలావరకు మామూలుగానే కనిపిస్తాయి.

మిషన్ లేని చోట ఏముందో ఎలా తెలుస్తుంది

కేంద్రాలు ఎన్ని పెట్టినా మధ్యలో ఖాళీలే ఎక్కువ. ఆ ఖాళీలను నింపే పద్ధతుల్లో పేరున్నది క్రిగింగ్, అది పుట్టింది గనుల్లో. దక్షిణాఫ్రికా గని ఇంజనీర్ డానీ క్రిగ్ 1950ల మొదట్లో, కొన్ని చోట్ల మాత్రమే తీసిన నమూనాలతో బంగారు ఖనిజం ఎక్కడెంత ఉందో అంచనా వేసే లెక్క కట్టాడు. ఫ్రాన్స్‌కు చెందిన జార్జెస్ మాథెరాన్ 1960లలో దాన్ని సిద్ధాంతంగా మలిచి అతని పేరే పెట్టాడు.

ఇందులో అసలు కిటుకు వేరియోగ్రామ్. రెండు చోట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ వాటి విలువల్లో తేడా ఎలా పెరుగుతుందో అది చూపిస్తుంది. దాని ప్రకారం దగ్గరివాటికి ఎక్కువ తూకం, దూరపువాటికి తక్కువ తూకం ఇస్తారు. దీంతో వచ్చే అదనపు ప్రయోజనం, ప్రతి అంచనా పక్కనే అది ఎంత అనుమానాస్పదమో కూడా లెక్క వస్తుంది. విచారం ఏమిటంటే రంగురంగుల మ్యాప్ అందరికీ చేరుతుంది, దాని పక్కన ఉండాల్సిన అనుమానాల మ్యాప్ ఎక్కడో అనుబంధంలో ఉండిపోతుంది.

దగ్గరున్నవి ఒకేలా ఉంటాయన్న నమ్మకం మీదే ఇదంతా నిలబడింది. బంగ్లాదేశ్ భూగర్భజలంలో ఆర్సెనిక్ విషయంలో అదే దెబ్బతింది. పక్కపక్కనే ఉన్న రెండు గొట్టపుబావుల్లో ఒకదాంట్లో విషం, ఇంకోదాంట్లో మంచినీళ్లు, ఎందుకంటే బావి ఎంత లోతుకు దిగింది, ఏ ఇసుక పొరను తాకింది అన్నదే అక్కడ కీలకం. ప్రాంతం మొత్తానికి పనికొచ్చే మ్యాప్ ఒక్క ఇంటికి పనికిరాకపోవచ్చు. అందుకే అక్కడ ఒక్కో బావినీ విడిగా పరీక్షించి, విషం ఉన్నదానికి ఎరుపు, లేనిదానికి ఆకుపచ్చ రంగు పూశారు. ఇంత గొప్ప గణితం ఉండి చివరికి పెయింట్ డబ్బా పట్టుకోవాల్సి వచ్చింది.

ఇంకా కట్టని ఫ్యాక్టరీ పొగ ఎక్కడ పడుతుందో చెప్పాలంటే కొలవడానికి ఏమీ ఉండదు, మోడలే దిక్కు. పాత గాసియన్ ప్లూమ్ మోడల్‌లో పొగ గాలివాటున సాగిపోతూ పక్కలకూ, పైకీ కిందికీ గంట ఆకారంలో పరుచుకుంటుందని అనుకుంటారు. చిమ్నీ ఎత్తు, పొగ పరిమాణం, వాతావరణం ఎంత నిలకడగా ఉంది అన్నవి అందులోకి వెళ్తాయి. గాలివేగం సూత్రంలో హారంలో ఉంటుంది, అంటే గాలి స్తంభిస్తే జవాబు అనంతం వైపు పరిగెడుతుంది. చిత్రం చూడండి, కాలుష్యం జనాన్ని బాగా ఇబ్బంది పెట్టేది గాలి కదలని రోజుల్లోనే, ఈ సూత్రం చేతులెత్తేసేదీ అప్పుడే. కొత్త మోడల్స్ దీనికి రకరకాల మరమ్మతులు చేశాయి కానీ, నిశ్చలమైన గాలి ఇప్పటికీ కష్టమైన పాఠమే.

చవక సెన్సర్లు ఈ ఖాళీలను నింపుతాయన్న ఆశ ఉంది. అవి ధూళి మీద పడి చెదిరిన వెలుతురును బట్టి లెక్క చెబుతాయి. గాలిలో తేమ పెరిగితే కణాలు ఉబ్బి, లేని కాలుష్యం కనిపిస్తుంది. పెద్ద పరికరం పక్కన కొన్నాళ్లు ఉంచి సరిచేసుకోకపోతే వంద సెన్సర్లున్నా వంద ఒకేరకం తప్పులే, వాటి సగటు తీసినా తప్పు పోదు.

తగ్గిందా, వాన పడిందా?

రెండేళ్లు పోల్చి "కాలుష్యం ఇంత శాతం తగ్గింది" అనడం బలహీనమైన వాదన. ఈ ఏడాది వానలు ఎక్కువ పడి ఉండొచ్చు, గాలులు బాగా వీచి ఉండొచ్చు. ట్రెండ్ కోసం ఎక్కువగా వాడే మాన్-కెండల్ పరీక్ష చాలా అమాయకంగా కనిపిస్తుంది: ప్రతి జత ఏళ్లనూ తీసుకుని తర్వాతిది ఎక్కువా, తక్కువా అని మాత్రమే అడుగుతుంది. పదేళ్లకు 45 జతలు. పెరిగినవీ తగ్గినవీ సమానంగా ఉంటే ట్రెండ్ లేనట్టు. ఎంత పెరిగిందన్నది పట్టించుకోదు కాబట్టి ఒక విపరీతమైన ఏడాది దాన్ని మోసం చేయలేదు. వాతావరణం ప్రభావాన్ని మోడల్‌తో విడదీసి మిగిలినదాన్ని చూడడం ఇంకా మంచి పద్ధతి, 2020 లాక్‌డౌన్‌ల ప్రభావాన్ని లెక్కగట్టిన చాలామంది అదే చేశారు.

వందేళ్ల వరద ముప్పై ఏళ్లలోనే

"వందేళ్ల వరద" అన్న పేరే సగం గందరగోళానికి మూలం. వందేళ్లకోసారి వస్తుందని దాని అర్థం కాదు. ఏ ఏడాదైనా అంతటి వరద రావడానికి 1 శాతం అవకాశం ఉందని. ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో ఉంటే కనీసం ఒకసారి చూసే అవకాశం 26 శాతం, అంటే నాలుగింట ఒక వంతు. వందేళ్లుంటే 63 శాతం, వంద కాదు. నిరుడు వచ్చిందని ఈ ఏడాది రాకుండా పోదు.

ఇంతకీ ఆ 1 శాతం ఎక్కడిది? చాలా నదులకు కొన్ని దశాబ్దాల రికార్డే ఉంటుంది. ఏటా వచ్చిన గరిష్ఠ ప్రవాహాలను తీసుకుని, అతి అరుదైన విలువల కోసమే ఉన్న వక్రాలను వాటికి అమర్చి, డేటా ఆగిపోయిన చోటు నుంచి గీతను ముందుకు పొడిగిస్తారు. ఆ వక్రం తోక ఎంత లావుగా ఉందన్నది ఒకే ఒక్క పారామీటర్ మీద ఆధారపడుతుంది, కొద్దిపాటి డేటాతో దాన్ని కచ్చితంగా పట్టుకోవడం కుదరదు. ఒక్క పెద్ద వరద కొత్తగా చేరితే "వందేళ్ల వరద" మట్టమే మారిపోతుంది. పైగా ఈ లెక్కంతా గతం లాగే భవిష్యత్తూ ఉంటుందన్న షరతు మీద నడుస్తుంది. వేడెక్కుతున్న వాతావరణంలో, సిమెంటుతో కప్పేసిన నేల మీద ఆ షరతు చెల్లదని నీటి శాస్త్రవేత్తలు 2008లో సైన్స్ పత్రికలోనే గట్టిగా వాదించారు.

హాని వేరు, ముప్పు వేరు

ప్రాసెస్ చేసిన మాంసాన్ని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు ఉన్న గ్రూపులోనే పెట్టినప్పుడు రెండూ సమానమైన ప్రమాదమని చాలామంది అనుకున్నారు. ఆ వర్గీకరణ చెప్పేది క్యాన్సర్ తెప్పించగలదనడానికి సాక్ష్యం ఎంత గట్టిదని మాత్రమే. ఎంతమందికి, ఎంత మోతాదులో అన్నది వేరే లెక్క, దాన్నే ముప్పు అంచనా అంటారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1983లో దీన్ని నాలుగు మెట్లుగా విడగొట్టింది: హాని ఉందా, ఏ మోతాదుకు ఎంత, జనానికి ఎంత చేరుతోంది, మొత్తమ్మీద ముప్పెంత.

రెండో మెట్టు దగ్గర చాలాకాలంగా నడిచిన పద్ధతి, జంతువుల్లో చెడు ప్రభావం కనిపించని అత్యధిక మోతాదును పట్టుకుని వందతో భాగించడం. జంతువుకూ మనిషికీ తేడా ఉంటుందని ఒక 10, మనిషికీ మనిషికీ తేడా ఉంటుందని ఇంకో 10. ఇందులో దాగున్న లోపం గమనించండి. కొద్ది జంతువులతో చిన్న ప్రయోగం చేస్తే ప్రభావం ఉన్నా గణాంకాల్లో తేలదు, "కనిపించలేదు" అని రాసేస్తారు, సురక్షిత మోతాదు పెద్దదిగా వస్తుంది. నాసిరకం ప్రయోగానికి బహుమానం అన్నమాట. 1984 నుంచి ప్రచారంలోకి వచ్చిన బెంచ్‌మార్క్ మోతాదు పద్ధతి దీన్ని తిరగేసింది. మోతాదుకూ ప్రభావానికీ ఒక వక్రం గీసి, దాదాపు 10 శాతం అదనపు ప్రభావం చూపే మోతాదును కనుక్కుని, దాని కింది హద్దును వాడతారు. డేటా తక్కువైతే హద్దు ఇంకా కిందికి దిగుతుంది, నియమం కఠినమవుతుంది.

మూడో మెట్టులో అతిజాగ్రత్త సమస్య. నీళ్లలో విషం, రోజుకు తాగే నీళ్లు, ఆ ప్రాంతంలో ఉండే ఏళ్లు, ఈ మూడింటికీ నూటికి 95 మందిని మించిన విలువలే తీసుకుంటే, మూడింట్లోనూ అంతకు మించి ఉండే మనిషి 8 వేలల్లో ఒక్కడే, అదీ మూడింటికీ సంబంధం లేకపోతే. అందుకే ఒక్కో అంశానికి ఒకే అంకె బదులు మొత్తం పరిధిని తీసుకుని, కంప్యూటర్‌తో వేలసార్లు చీటీలు తీసినట్టు తీసి, ఫలితాల వరసను చూస్తారు. 1940లలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో అణు లెక్కల కోసం పుట్టిన మాంటే కార్లో పద్ధతి ఇదే. ఇక్కడ ఒక మెలిక ఉంది. మనుషుల మధ్య నిజంగా ఉన్న తేడా వేరు, మనకు తెలియకపోవడం వల్ల వచ్చే అనుమానం వేరు. మొదటిది ఎంత కొలిచినా తగ్గదు, రెండోది తగ్గుతుంది. రెండింటినీ ఒకే కుండలో కలిపేస్తే వచ్చే వక్రం చూడ్డానికి బాగుంటుంది గానీ, ఇంకా కొలవాలా వద్దా అని అడిగితే చెప్పలేదు.

రుజువు చేయాల్సింది ఎవరు?

చివరికి అంతా వచ్చి ఆగేది ఇక్కడ. ఒక స్థలం మట్టిలో ఏదో లోహం పరిమితి 50 అనుకుందాం. 5 శాంపిళ్లు తీస్తే సగటు 40, ప్రామాణిక విచలనం (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) 20. నియమం "శుభ్రంగా ఉందని రుజువు చేయండి" అని అంటే, సగటుకు 95 శాతం నమ్మకంతో పై హద్దు, అంటే అసలు సగటు ఇంతకు మించదని అంత నమ్మకంతో చెప్పగల విలువ, తీయాలి. అది 59, పరిమితికి పైన, కాబట్టి ఆ స్థలం ఇంకా అనుమానితమే. అదే సగటు, అదే విచలనంతో 25 శాంపిళ్లుంటే పై హద్దు 47కి దిగుతుంది, స్థలం గట్టెక్కుతుంది. యజమాని తన జేబులోంచి ఖర్చుపెట్టి మరీ ఎక్కువ శాంపిళ్లు తీయిస్తాడు.

నియమాన్ని తిప్పి "కలుషితమైందని రుజువు చేయండి" అని రాస్తే? ఈసారి సగటు 60, నిజంగానే పరిమితి దాటింది. 5 శాంపిళ్లకు కింది హద్దు 41, రుజువు కానట్టే. 25 శాంపిళ్లకు అది 53, దొరికిపోయినట్టే. ఈ నియమం కింద ఉన్న యజమాని ఆరో శాంపిల్ ఎందుకు తీయిస్తాడు?